పళ్ళ సెట్టు మీద ఒట్టు

ఆ రన్నింగ్ క్లబ్బులో చేరడానికి రెండే రెండు కావాలి. ఒకటి బూట్ల జత, రెండోది మొహమాటం లేకుండా అబద్ధమాడే నోరు. బూట్లు చిరిగినవైనా సర్దుకుపోతారు గానీ నోటి విషయంలో రాజీ లేదు. క్లబ్బువాళ్ళెవరు ఏ పోటీలో పరిగెత్తినా, మిగతావాళ్ళంతా దారి పొడుగునా నిలబడి "ఇంకొంచెమే! అయిపోయింది! ఇదే ఆఖరి మలుపు!" అని గొంతు చించుకోవాలి. పోటీ అప్పుడే మొదలై, పరిగెత్తేవాడికి ఇంకా చెమటైనా పట్టకపోయినా సరే, అరవాల్సింది అదే. వెయ్యి అబద్ధాలాడైనా ఓ పెళ్ళి చెయ్యమన్నారు కదా, పరుగు పెళ్ళికి ఏం తీసిపోయిందని క్లబ్బు పెద్ద వాదన. రెండింట్లోనూ మొదలెట్టినవాడికి మధ్యలో ఆగిపోవాలనే అనిపిస్తుంది, రెండింట్లోనూ చుట్టూ ఉన్నవాళ్ళే నవ్వుతూ ముందుకి తోస్తారు.

ఆ క్లబ్బు పెద్దని అందరూ హారన్ అంటారు. సిటీ బస్సు డ్రైవరు. ఓసారి బస్సులో హారన్ పనిచెయ్యకపోతే, కిటికీలోంచి తల బయటపెట్టి డిపో దాకా నోటితోనే దారి చేసుకుంటూ వెళ్ళాడట. అప్పటి నుంచి ఆ పేరు. అంతటి హారన్ కూడా ఒకరి ముందు మాత్రం తల వంచేవాడు. ఆవిడే డాక్టరమ్మ.

డాక్టరమ్మ పళ్ళ డాక్టరు. అబద్ధం ఆవిడ వృత్తిలో భాగం. కుర్చీలో పడుకున్న మనిషి నోట్లో గొట్టం పెట్టి, దూది పెట్టి, రెండు వేళ్ళు పెట్టి, "అయిపోయిందమ్మా, అయిపోయింది, చీమ కుట్టినట్టుంటుంది అంతే" అనేది. అప్పటికి పని సగం కూడా అయ్యుండేది కాదు. కాదనడానికి వాళ్ళకి నోరు ఖాళీగా ఉండదు కాబట్టి ఆవిడ మాటకి ఎదురు చెప్పినవాళ్ళే లేరు. మోకాలు మొరాయించి పరుగు మానేశాక కూడా క్లబ్బు ఆవిణ్ణి వదల్లేదు. ఆవిడ రోడ్డు పక్కన నిలబడి "అయిపోయింది" అంటే ఎంతటివాడికైనా నిజంగానే అయిపోయినట్టుండేది.

అలాంటి నోటికి ఆ ఏడు తాళం పడింది. ఎందుకు పడిందో తెలియాలంటే ముందు పరుపుల కొట్టు గొడవ చెప్పుకోవాలి.

డాక్టరమ్మకి ఒక తోడికోడలు ఉంది. అన్నదమ్ములిద్దరూ మెతక మనుషులు, ఈ కథలో వాళ్ళకి పనిలేదు, ఇంట్లోనూ పెద్దగా ఉండేది కాదు. ఇల్లు నడిపేది ఆడవాళ్ళు ముగ్గురు. కింద వీధి వైపు రెండు గదుల్లో, ఒకదాంట్లో పెద్దకోడలి ఆసుపత్రి, పక్కదాంట్లో చిన్నకోడలి బేకరీ. మధ్యలో ఒకటే గోడ. ఇటు డ్రిల్లు మోగితే అటు కేకు మీద క్రీము వణికేది. "చిన్నది పళ్ళు పాడుచేస్తుంది, పెద్దది బాగుచేస్తుంది. మా గుమ్మం తొక్కిన నోరు ఊరికే పోదు" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయేది. ఆ నవ్వులో మెరిసే పళ్ళ సెట్టు కూడా పెద్దకోడలు కట్టినదే.

కోడళ్ళిద్దరూ ఒక తల్లి పిల్లలకన్నా ఎక్కువగా ఉండేవాళ్ళు. మధ్యగోడలో చిన్న కిటికీ ఒకటుంది. పొద్దున్నే మొదటి పేషెంటు రాకముందే అందులోంచి ఒక చెయ్యి వచ్చి, వేడి బన్ను ఒకటి ఇటు పెట్టి వెళ్ళిపోయేది. చిన్నదాన్ని క్లబ్బులో చేర్చింది కూడా డాక్టరమ్మే. "పొయ్యి దగ్గర నిలబడి నిలబడి నీ కాళ్ళు కొయ్యబారిపోతున్నాయి, రావే" అని రెక్క పట్టుకుని లాక్కెళ్ళింది. చిన్నది మెల్లగా పరిగెత్తేది. మెల్లగానే, కానీ ఆగకుండా.

కిందటేడు నగర పరుగులో చిన్నదానికి అది మొదటి పెద్ద పోటీ. డాక్టరమ్మ ఒక మలుపులో నిలబడి ఉండగా చిన్నది వచ్చింది, మొహం పాలిపోయి, అడుగులు తడబడుతూ. అదే సమయానికి కాస్త ముందర రోడ్డు మీద గాలి ఊదిన ఎర్ర తోరణం ఒకటి కనిపించింది. ఇంకేముంది, "అదిగో ముగింపు గీత! అయిపోయిందే! ఉన్న బలమంతా పెట్టెయ్!" అని అరిచింది డాక్టరమ్మ. చిన్నది నమ్మింది. చివరికోసమని దాచుకున్న బలమంతా తీసి పెట్టేసి, రెండు చేతులూ పైకెత్తి తోరణం కిందికి దూసుకుపోయింది. అక్కడ టై కట్టుకున్న మనిషొకాయన చప్పట్లు కొట్టి చేతిలో కాగితం పెట్టాడు. కొత్త పరుపుల కొట్టు, ప్రారంభోత్సవం రోజున ప్రత్యేక తగ్గింపు. అసలు గీత ఎక్కడో ఊరి అవతలి కొసన ఉంది. చిన్నదాని పిక్కలు అక్కడికక్కడే పట్టేశాయి. చూపించడానికి బయట పరిచిన పరుపు మీద కూలబడి, కూలబడ్డది కూలబడ్డట్టే నిద్రపోయింది.

కొట్టువాళ్ళు ఫొటో తీసుకున్నారు. నిద్రమత్తులో దానిచేత సంతకం కూడా పెట్టించుకున్నారట. వారం తిరక్కుండా ఇంటికి ఎదురుగా గోడ మీద ఇంత బోర్డు వెలిసింది. చెమటలు కక్కుతున్న చిన్నకోడలు నోరు తెరుచుకుని నిద్రపోతున్న బొమ్మ, కింద "అలసిన ఒంటికి అసలైన గమ్యం" అని అక్షరాలు.

అది చూసి డాక్టరమ్మ పకపకా నవ్వేసింది. చిక్కంతా అక్కడ వచ్చింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందన్నారు. "అది గీత కాదని నీకు తెలుసా, తెలీదా?" అని నిలదీసింది చిన్నది. డాక్టరమ్మకి తెలుసు. కొట్టు పేరు తోరణం మీద బారెడు అక్షరాలతో రాసే ఉంది. కానీ ఒప్పుకోవడానికి నోరు రాలేదు. "నీ మంచికేగా అన్నాను" అంది. మర్నాటి నుంచి మధ్యగోడ కిటికీ మూతపడింది. ఇద్దరి మధ్యా మాటలు కూడా మూతపడ్డాయి.

డాక్టరమ్మ పైకి బింకంగానే ఉండేది. కానీ పొద్దున్నే ఆసుపత్రి తాళం తీయగానే కళ్ళు ఆ కిటికీ వైపే పోయేవి. బన్ను కాకపోతే బన్ను, బయట కొనుక్కు తినలేక కాదు. ఆ చెయ్యి కోసం బెంగ.

అలా ఉండగా చిన్నది నగర ట్రయథ్లాన్‌కి పేరిచ్చింది. ముందు ఈత, ఆ తర్వాత సైకిలు, ఆ తర్వాత పరుగు, మధ్యలో కూర్చోవడం లేదు. రోకలి తలకి చుట్టుకోవడమంటే ఇదేనని అత్తగారు తేల్చేసింది. క్లబ్బులోంచి ఎలక్ట్రీషియన్ ఒకాయనా, ఓ లాయరుగారూ కూడా దిగుతున్నారు. చిన్నదాని భయమల్లా ఒకటే. సాయంత్రం భోజనాల బల్ల దగ్గర అది బయటపడింది.

"అత్తయ్యా, ఆదివారం అక్కని అటు రావద్దనండి" అంది, పక్కనే కూర్చున్న అక్క చెవిలో పడేట్టుగా.

"అత్తయ్యా, రోడ్డు ఎవరి సొత్తూ కాదనండి" అంది డాక్టరమ్మ.

"వస్తే నోరు మెదపొద్దనండి."

"ఊళ్ళోవాళ్ళ నోళ్ళు తెరిపించి బతికేదాన్ని, నా నోరు మూయించడం ఎవరి తరమూ కాదనండి."

అత్తగారు చెంచాతో బల్ల మీద టంగుమని కొట్టింది. "నేనేమన్నా టెలిఫోన్ తీగనా? ఇటు మాట అటూ, అటు మాట ఇటూ. నా చెవులు కాలిపోతున్నాయి. ఒసేయ్ పెద్దదానా, నువ్వు వెళ్ళు. కానీ అబద్ధమాడకూడదు. ఒక్కటంటే ఒక్కటి కూడా. ఒట్టెయ్."

"దేని మీద వెయ్యమంటారు?"

అత్తగారు అటూ ఇటూ చూసింది. తర్వాత పళ్ళ సెట్టు ఊడదీసి, తుడిచి, బల్ల మధ్యలో పెట్టింది. "దీని మీద" అంది బోసి నోటితో. "నువ్వు గనక ఒట్టు తప్పావో, దీన్ని గ్లాసులో పడేసి, నీ ఆసుపత్రి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటా. వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ చూసి ఇలా నవ్వుతా." ఎలాగో నవ్వి చూపించింది కూడా.

పళ్ళ డాక్టరు అత్తగారు బోసి నవ్వుతో గుమ్మంలో కూర్చుంటే ఇంక ఆ గుమ్మం ఎక్కేదెవరు? డాక్టరమ్మ సెట్టు మీద చెయ్యి వేసి, ఒట్టేసింది. చిన్నది మాత్రం రొట్టె ముక్క కుడి దవడకి తోసుకుని మెల్లగా నములుతూ కూర్చుంది. డాక్టరమ్మ అది చూడకపోలేదు. చాలా రోజులుగా చిన్నది కుడివైపే నములుతోంది. అడుగుదామనుకుంది. అడిగితే "నా పళ్ళ గొడవ అక్కకెందుకనండి" అంటుందని ఊరుకుంది.

ఆదివారం పొద్దున్న నగరం నడిబొడ్డున ఉన్న పెద్ద చెరువు ఒడ్డుకి క్లబ్బంతా దిగింది. అత్తగారు మడత కుర్చీ, గొడుగు, ఫ్లాస్కుతో సహా వచ్చింది. చిన్నదానికి ధైర్యం చెప్పడానికని పైకి అంది గానీ, పెద్దదాని నోటికి కాపలా కాయడానికే వచ్చిందని అందరికీ తెలుసు.

ఈల వినపడగానే నీళ్ళలో గందరగోళం మొదలైంది. క్లబ్బువాళ్ళకి అప్పుడు తెలిసొచ్చింది ఒక సంగతి. తెల్లారగట్ల చీకట్లో ఒకరి వెనక ఒకరు పరిగెత్తి పరిగెత్తి, వీళ్ళకి ఒకరి మొహాలొకరికి సరిగ్గా తెలియవు. వెనక నుంచి నడక చూస్తే మాత్రం ఫలానా అని ఇట్టే చెప్పేస్తారు. నీళ్ళలో నడకేముంది? ఆడవాళ్ళందరికీ ఒకటే నారింజ రంగు టోపీ, అందరికీ ఒకటే నల్లద్దాలు. చెరువు నిండా కమలాపళ్ళు తేలుతున్నట్టుంది.

"అదిగో మన పిల్ల!" అని ఒక టోపీని చూపించాడు హారన్. ఏ ధైర్యంతో చూపించాడో ఆయనకే తెలియాలి. "కొట్టమ్మా, కొట్టు! ఇంకొంచెమే! ఒడ్డు వచ్చేసింది!"

క్లబ్బు మొత్తం ఆ టోపీ వెంట ఒడ్డున పరిగెత్తుతూ అరవడం మొదలెట్టింది. పాపం ఆ టోపీ కూడా ఒకసారి తల ఎత్తి చూసి, అంతమంది తనకోసమే అరుస్తున్నారని గ్రహించి, చేతులు టపటపా కొట్టి నలుగురిని దాటేసింది.

డాక్టరమ్మ మాత్రం కదల్లేదు. ఈతగాళ్ళు ఒడ్డుకి దగ్గరగా మళ్ళే చోట గట్టు చివర నిలబడి, గాలి కోసం పక్కకి తిరిగిన నోళ్ళు ఒక్కొక్కటే చూస్తోంది. టోపీలన్నీ ఒకటే గానీ నోళ్ళు ఒకటెలా అవుతాయి?

"హారన్ గారూ, అది మనది కాదు" అంది.

"మీకెలా తెలుసు?"

"ఆవిడ నోరు బార్లా తెరుస్తోంది. మనది అదిగో, ఆ వెనకాల. నోరు కుడివైపు నుంచి సగమే తెరుస్తోంది చూడండి."

హారన్‌కి ఏమీ కనపడలేదు. ఇంతలో ఆయన నమ్ముకున్న టోపీ ఒడ్డెక్కింది. టోపీ తీస్తే తెల్లజుట్టు, ఆరడుగుల మనిషి. "ఎవరండీ మీరంతా? నా పెళ్ళికి కూడా ఇంతమంది రాలేదు!" అంటూ కళ్ళు తుడుచుకుని సైకిలు వైపు పరిగెత్తింది. క్లబ్బువాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చాలాసేపటికి చిన్నది వచ్చింది. గట్టెక్కుతూనే ఎడమ చెంప అరచేత్తో అదిమి పట్టుకుంది. చన్నీళ్ళు తగిలితే ఎవరు ఆ చెంప అలా పట్టుకుంటారో డాక్టరమ్మకి వేరే చెప్పాలా? ఎడమవైపు, కింద, చివరిది. పక్కగోడకి ఇవతల పళ్ళ డాక్టరుని పెట్టుకుని ఎన్నాళ్ళుగా మోస్తోందో ఆ నొప్పిని. నొప్పి కన్నా తనంటేనే ఎక్కువ భయమన్నమాట! డాక్టరమ్మకి అది సూదిలా గుచ్చుకుంది.

సైకిళ్ళ దగ్గర కొత్త చిక్కు వచ్చిపడింది. హారన్ తన జనాన్ని ఎత్తురోడ్డు పక్కన నిలబెట్టాడు. డాక్టరమ్మకి ఒట్టేమో అబద్ధమాడొద్దంది గానీ, అరవొద్దని అనలేదు. ముప్ఫై ఏళ్ళ అలవాటు ఊరుకోనిస్తుందా? ముందు ఎలక్ట్రీషియన్ వచ్చాడు, రొప్పుతూ.

"మీ ముందు చాలామంది ఉన్నారండీ!" అని ఉత్సాహంగా అరిచింది.

ఎలక్ట్రీషియన్ తల తిప్పి ఆవిణ్ణి చూసి చెట్టుకి గుద్దుకోబోయాడు. ఆ తర్వాత లాయరుగారు వచ్చారు.

"లాయరుగారూ, ఎత్తు ఇప్పుడే మొదలైంది! పైన ఇంకా నిటారుగా ఉంది!"

లాయరుగారు సైకిలు దిగి నడవడం మొదలెట్టారు.

హారన్ ఆవిడ ముందుకొచ్చి చేతులు జోడించాడు. "డాక్టరమ్మా, మీరు మనవైపా, అవతలివైపా?"

"ఒట్టు పెట్టానండీ. యథార్థవాది లోకవిరోధి అని ఊరికే అన్నారా?"

"అయితే నోరు మూసుకుని చప్పట్లు కొట్టండి. చప్పట్లు అబద్ధమాడవు."

గొడుగు కింద నుంచి అత్తగారు తల ఊపింది. అందుకని చిన్నది సైకిలు మీద వచ్చినప్పుడు డాక్టరమ్మ చప్పట్లు మాత్రమే కొట్టింది, అరచేతులు మండేదాకా కొట్టింది. ఎదురుగాలికి చిన్నది పెదవులు బిగించుకుని, చెంప భుజానికి ఆనించుకుని తొక్కుతోంది. ఇటు చూడలేదు. చూసినా చూడనట్టే వెళ్ళిపోయింది.

ఇక పరుగు. చెరువు చుట్టూ రెండు చుట్లు. గీత దగ్గర గేటు మూసేలోపు రావాలి, లేకపోతే పతకమూ లేదు, పేరూ ఉండదు. హారన్ మలుపు మలుపుకీ ఒకర్ని కాపు పెట్టాడు. వాళ్ళంతా వాళ్ళ ధర్మం వాళ్ళు పాటించారు. మొదటి మలుపులో "ఇదే ఆఖరి మలుపు" అన్నారు. రెండో మలుపులోనూ అన్నారు. వంతెన దగ్గరా అన్నారు, వంతెన దిగాకా అన్నారు. ఆ చెరువుకి అన్ని ఆఖరి మలుపులున్నాయని అంతవరకు ఎవరికీ తెలియదు.

మొదటి చుట్టు పూర్తయ్యేసరికి చిన్నదాని వెనక దాదాపు ఎవరూ లేరు. అత్తగారి కుర్చీ ఉన్న చోటికి కాళ్ళీడ్చుకుంటూ వచ్చి, ఇనుప కంచె పట్టుకుని ఆగిపోయింది. ఆగడమంటే ఊరికే ఆగడం కాదు. చేతి వేళ్ళు కంచె చుట్టూ బిగుసుకున్నాయి, ఎడమ చెంప ఉబ్బి ఎర్రగా ఉంది.

"అమ్మా, ఆగకు! అయిపోయింది! అదిగో, ఆ చెట్టు దాటితే గీతే!" అన్నాడు హారన్.

"ఆ చెట్టు దాటితే గీతని ఇందాక వంతెన దగ్గర కూడా అన్నారు" అంది చిన్నది. గొంతులో కోపం కూడా లేదు, అంత నీరసం. "మీరెవరూ నాకు ఏమీ చెప్పొద్దు."

 అబద్ధం పనిచెయ్యని చోట క్లబ్బువాళ్ళకి ఇంకేం చెయ్యాలో తెలీదు. చిన్నది తల ఎత్తింది. కంచెకి ఇవతల, ఎర్రబడ్డ అరచేతులు పైకెత్తి, చప్పట్లు కొట్టాలా వద్దా అని తెలీక నిలబడ్డ డాక్టరమ్మ కనిపించింది. నెలల తరబడి పడని మాట, మధ్యలో అత్తయ్య లేకుండా నేరుగా పడింది.

"అక్కా, ఇంకెంతుంది?"

డాక్టరమ్మ నోట్లోకి "అయిపోయిందమ్మా" అన్నది దానంతటదే వచ్చేసింది. నాలిక చివర నిలబడింది. ఆ చెంప చూస్తుంటే, ఆ కాళ్ళు చూస్తుంటే, ఆ మాట అనకుండా ఉండటం ప్రాణం మీదికొచ్చినట్టుంది. ఇటు చూస్తే అత్తగారు కుర్చీలో నిటారుగా కూర్చుని, రెండు వేళ్ళతో పళ్ళ సెట్టు పట్టుకుని సిద్ధంగా ఉంది.

"చాలా ఉందే" అంది డాక్టరమ్మ. "ఒక చుట్టు మొత్తం ఉంది. మళ్ళీ ఆ వంతెన ఎక్కాలి. కాళ్ళ నొప్పి తగ్గదు, ఇంకా పెరుగుతుంది. పన్ను నొప్పి కూడా."

హారన్ రెండు చేతులతో తల పట్టుకుని రోడ్డు మీద చతికిలపడ్డాడు.

"గేటు మూయడానికి టైముంది. పరిగెత్తక్కర్లేదు, నువ్వు రోజూ పోయే నడకన పోతే సరిపోతుంది. తొందరపడితే మాత్రం సరిపోదు, మధ్యలో పడిపోతావ్. ఆపేస్తానంటే ఆపెయ్. ఎవరూ ఏమీ అనరు. అత్తయ్య అంటారనుకో, ఆవిడ ఎలాగూ అంటారు."

"అంటాను" అంది అత్తగారు.

"ఇంకోటి" అంది డాక్టరమ్మ. ఇది ఎవరూ అడగలేదు, ఒట్టు కూడా అడగలేదు. "ఆ పరుపుల కొట్టు తోరణం గీత కాదని నాకు అప్పుడే తెలుసు. తెలిసే అరిచాను. పైగా నవ్వాను. తప్పు నాదేనే."

 చిన్నది చెంప మీద చెయ్యి పెట్టుకుని అక్కని అలాగే చూసింది. తర్వాత చెరువు కేసి చూసింది. ఒక చుట్టు మొత్తం. అంత దూరమూ కళ్ళతో ఒకసారి వెళ్ళి, వంతెన ఎక్కి, దిగి, వెనక్కి వచ్చింది. పొద్దుట్నుంచీ ఎవరూ ఆమెని ఆ దూరాన్ని సరిగ్గా చూడనివ్వలేదు.

"ఒక చుట్టు మొత్తమా" అంది.

"మొత్తం."

"అయితే ఇక్కడ రెండు గుక్కల నీళ్ళు తాగి వెళ్ళాలి. ఇందాకట్నుంచి ప్రతి మలుపులోనూ అయిపోయిందనుకుని బలమంతా తగలేస్తున్నా." కంచె పక్కన మంచినీళ్ళు పెట్టిన బల్ల మీది గ్లాసు తీసుకుని, నీళ్ళు కుడి బుగ్గకి తిప్పుకుని మింగి, కంచె వదిలేసి, మెల్లగా కదిలింది. మెల్లగానే, కానీ ఆగకుండా.

చిన్నది వంతెన ఎక్కేవరకు ఆ నడకని వెనక నుంచి చూస్తూ నిలబడింది డాక్టరమ్మ. తర్వాత కుంటి మోకాలు ఈడ్చుకుంటూ గీత వైపు బయల్దేరింది. వెనకాల హారన్, కుర్చీ చంకలో పెట్టుకుని అత్తగారు, ఆ వెనక క్లబ్బంతా. దారిలో మెడలో పతకంతో తెల్లజుట్టు ఆరడుగులావిడ కూడా వచ్చి కలిసింది. తన జట్టు వీళ్ళేనని ఆవిడ అప్పటికే నిర్ణయించేసుకుంది.

గీత దగ్గర అప్పటికే సర్దుళ్ళు మొదలయ్యాయి. కుర్చీలు లారీ ఎక్కుతున్నాయి. గాలి ఊదే మిషను ఎవరో ముందే ఆపేసినట్టున్నారు, తోరణం ఒక పక్కకి ఒరిగి, నడుము పట్టేసిన మనిషిలా వంగిపోతోంది. గేటు దగ్గర మనిషి గొలుసు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. హారన్ వెళ్ళి ఆయన భుజం మీద చెయ్యి వేసి, బస్సు రూట్లు, ట్రాఫిక్కు, పిల్లల చదువులు అన్నీ అడగడం మొదలెట్టాడు. అడిగినవాడికి జవాబు చెప్పకుండా గొలుసు వెయ్యడం మర్యాద కాదు కదా.

గొలుసు ఇంకా ఆయన చేతిలోనే ఉండగా మలుపులో చిన్నది కనిపించింది. క్లబ్బుకి ప్రాణం లేచొచ్చింది. "అదిగో గీత! వచ్చేసింది! ఇంకొంచెమే!" అని గోల గోల. మొదటిసారి అది నిజం కూడా. కానీ నాన్నా పులి కథ అయిపోయింది. చిన్నది ఒరిగిపోతున్న ఆ తోరణం ముందుకి వచ్చి, గీతకి అడుగు దూరంలో టక్కున ఆగిపోయింది.

అందరి గుండెలూ ఆగిపోయాయి. గేటు మనిషి కూడా నోరు తెరిచి చూస్తున్నాడు.

చిన్నది జనంలో వెతికింది. డాక్టరమ్మ కనిపించింది.

"ఇదేనా?" అని అడిగింది.

డాక్టరమ్మ వంగి చూసింది. తోరణం మీద అక్షరాలు చదివింది. కింద రోడ్డు మీద తెల్లగీత చూసింది. ఒట్టంటే ఒట్టే.

"ఇదే" అంది. 

అప్పుడు చిన్నది రెండు చేతులూ పైకెత్తి గీత దాటింది. వెనకాలే తోరణం ఉస్సుమని కూలబడింది. అత్తగారు ఎగిరి గంతేసింది, ఆ గంతులో నోట్లోని పళ్ళ సెట్టు ఊడి, హారన్ చొక్కా జేబులో పడింది. హారన్ ఆ రోజంతా అదే కథ చెప్పుకుంటూ తిరిగాడు. చెప్పింది ఆయన కాబట్టి ఎవరూ నమ్మలేదు.

మర్నాడు పొద్దున్నే డాక్టరమ్మ ఆసుపత్రి తాళం తీసింది. కళ్ళు అలవాటుగా మధ్యగోడ కిటికీ వైపు పోయాయి. మూసే ఉంది. పోనీలే అనుకుని కోటు తొడుక్కుంటుంటే, వీధి గుమ్మంలోంచి చిన్నది లోపలికి వచ్చింది. ఒళ్ళంతా నొప్పులతో బొమ్మలా నడుస్తోంది. మెడలో పతకం తీసినట్టు లేదు. చేతిలో పొట్లం ఒకటి ఉంది, వేడిగా.

పొట్లం బల్ల మీద పెట్టి, వెళ్ళి కుర్చీలో పడుకుంది. డాక్టరమ్మ దీపం లాగి, అద్దం పెట్టి చూసింది. ఎడమవైపు, కింద, చివరిది. అనుకున్నట్టే లోపల్నుంచి పుచ్చిపోయింది. తీసెయ్యడం తప్ప గత్యంతరం లేదు. సూది సిద్ధం చేసింది. ఆ చప్పుడికి చిన్నదాని వేళ్ళు కుర్చీ చేతుల చుట్టూ బిగుసుకున్నాయి, నిన్న కంచె పట్టుకున్నట్టే.

"అక్కా, నొప్పెడుతుందా?"

ముప్ఫై ఏళ్ళుగా ఆ ప్రశ్నకి ఆ గదిలో ఒకటే జవాబు. డాక్టరమ్మ సూది పక్కన పెట్టి, చిన్నదాని బిగిసిన వేళ్ళ మీద చెయ్యి వేసింది.

"పెడుతుంది" అంది. "సూది గుచ్చేటప్పుడు బాగానే పెడుతుంది. ఆ తర్వాత నీకు నొప్పి తెలీదు. సాయంత్రం మత్తు దిగాక మళ్ళీ పెడుతుంది. రాత్రికి నేను వచ్చి నీ దగ్గర పడుకుంటా."

చిన్నది కాసేపు పైకప్పు కేసి చూసింది. తర్వాత కళ్ళు మూసుకుని, నోరు బార్లా తెరిచింది.